మూడేళ్లుగా వాడని జకూజీ టబ్: అమ్మ మోకాళ్ల కోసం వాడొచ్చా?

గోదారి గట్టు (హైదరాబాద్), శనివారం ఉదయం 7:40

అందరికీ నమస్కారం. నాలుగు నెలల క్రితం నిజాంపేటలో పాత ఫ్లాట్ ఒకటి కొన్నాం, మూడో అంతస్తు. పెద్ద బెడ్‌రూమ్ బాత్రూంలో జకూజీ టబ్ ఉంది. ఐదున్నర అడుగుల పొడవు, నీళ్లను ఒత్తిడితో చిమ్మే ఆరు జెట్లు, ఒక హెచ్‌పీ మోటారు. అమ్మినవాళ్లు మూడేళ్లుగా దాన్ని వాడలేదట. బకెట్లు, విడిచిన బట్టలు అందులో పడేసేవారు.

వచ్చే నెల మా అమ్మ కొవ్వూరు నుంచి వస్తోంది. 67 ఏళ్లు, రెండు మోకాళ్లూ అరిగాయి, బీపీ, షుగర్ ఉన్నాయి. వేడి నీళ్ల కాపడం మంచిదని డాక్టరు గారు చెప్పినప్పటి నుంచి నా కళ్లన్నీ ఈ టబ్ మీదే.

నిన్న రాత్రి నీళ్లు నింపి స్విచ్ వేశాను. మోటారు కాసేపు గుర్రుమని, తర్వాత తిరిగింది. తిరగగానే జెట్లలోంచి నల్లటి పొరలు బయటికొచ్చాయి. కాలిన కాగితం నీళ్లలో నానితే ఎలా ఉంటుందో అలా. చేత్తో పట్టుకుంటే జారిపోతున్నాయి. పాత బావి వాసన. భయమేసి ఆపేశాను. టబ్ పైకి మాత్రం అద్దంలా ఉంది, నేనే రుద్ది కడిగాను కూడా. ఇది బాగవుతుందా? అమ్మని అందులో దింపొచ్చా?

పైపులు_పానాలు (విజయవాడ), 8:25

అక్కా, ఆపేసి మంచి పని చేశారు. నేను 22 ఏళ్లుగా ప్లంబింగ్‌లో ఉన్నాను. మీరు రుద్దింది టబ్‌ని. మురికి ఉన్నది టబ్ వెనక పైపుల్లో.

టబ్ నీళ్లు వదిలేస్తే కింది రంధ్రంలోంచి పోతాయి కానీ, మోటారులో, జెట్లకు వెళ్లే పైపుల వంపుల్లో కొంత నీరు ఎప్పుడూ మిగులుతుంది. అందులో సబ్బు, ఒంటి జిడ్డు, చర్మం పొట్టు. మూడేళ్లు చీకట్లో నిలవుంటే పైపు లోపల చుట్టూ జిగురుపొర కడుతుంది. మోటారు తిప్పగానే అదే ఊడి వచ్చింది. ఒకసారి కడిగితే పోదు, మూడు నాలుగు సార్లు కడగాలి.

పద్ధతి ఇది. జెట్ల మీద రెండు మూడు అంగుళాలు మునిగేదాకా వేడి నీళ్లు నింపండి. జెట్ల నీళ్లలోకి గాలి వదిలే బిరడాలు రెండూ మూసేయండి, నురగ పొంగదు. గిన్నెలు కడిగే మెషీన్‌లో వేసే పౌడర్ రెండు టీ స్పూన్లు, బట్టలకు వాడే లిక్విడ్ బ్లీచ్ 120 మిల్లీలీటర్లు వేసి 10, 15 నిమిషాలు తిప్పండి. చేత్తో గిన్నెలు తోమే లిక్విడ్ మాత్రం వేయకండి, బాత్రూం నిండా నురగే. తర్వాత మొత్తం వదిలేసి, చల్లటి నీళ్లు నింపి ఇంకో పది నిమిషాలు తిప్పి వదిలేయండి. నల్లపొరలు రావడం పూర్తిగా ఆగేదాకా, రోజు విడిచి రోజు ఇదే చేయండి. జెట్లు నీళ్లలో మునగకుండా మోటారు వేయకూడదు. పొడిగా తిరిగితే సీలు కాలిపోతుంది.

కడప కుర్రాడు, 8:51

ఇంత శ్రమ ఎందుకక్కా? బాత్రూం కడిగే యాసిడ్ అర లీటరు, బ్లీచింగ్ పౌడర్ రెండు గుప్పెళ్లు కలిపి పోసి తిప్పండి. ఒక్క దెబ్బకి పైపులు తెల్లగా అవుతాయి. మా హాస్టల్లో గచ్చు అలాగే కడిగేవాళ్లం.

వార్డు సిస్టర్ (వరంగల్), 8:58

గోదారి గట్టు గారూ, పై మాట దయచేసి పాటించకండి. యాసిడ్, బ్లీచింగ్ ఎప్పుడూ కలపకూడదు. కలిస్తే క్లోరిన్ గ్యాస్ పుడుతుంది. కళ్లు మండుతాయి, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. తలుపేసిన చిన్న బాత్రూంలో, అందులోనూ జెట్లు ఆ నీటిని చిలుకుతుంటే, ఆ గ్యాస్ గది నిండటానికి ఎంతోసేపు పట్టదు. ఇలా బాత్రూం కడుగుతూ ఊపిరాడక మా ఎమర్జెన్సీకి వచ్చిన ఆడవాళ్లను నా కళ్లతో చూశాను. ఆక్సిజన్ పెట్టాక కూడా గంటల తరబడి దగ్గుతూనే ఉంటారు.

ఇంకో మాట. మొదటి రెండు మూడు సార్లు మోటారు తిప్పేటప్పుడు కిటికీ తెరిచి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి, మీరు బయటికి వచ్చేయండి. నిలవ నీటిలో లీజియోనెల్లా అనే బ్యాక్టీరియా ఉండొచ్చు. 1976లో ఫిలడెల్ఫియాలో ఒక హోటల్లో జరిగిన సమావేశానికి వెళ్లినవాళ్లకు న్యుమోనియా వచ్చి పలువురు చనిపోయాక దీన్ని కనుక్కున్నారు. 20 నుంచి 45 డిగ్రీల మధ్య నీటిలో ఇది బాగా పెరుగుతుంది. తాగడం కంటే, సన్నటి తుంపరగా పీల్చుకుంటేనే ఎక్కువ ప్రమాదం. జెట్లు చేసేది ఆ తుంపరే కదా. మీ అమ్మగారి వయసు, షుగర్ రెండూ ఇందులో లెక్కకు వస్తాయి.

కడప కుర్రాడు, 9:10

సిస్టర్, నాకు నిజంగా తెలియదు. హాస్టల్లో అందరం దగ్గుకుంటూ బయటికి పరుగెత్తేవాళ్లం, ఘాటు వల్ల అనుకున్నాం. అక్కా, నా మాట వదిలేయండి. పాత పోస్టు అలాగే ఉంచుతున్నాను, కింద మీ జవాబు కూడా చదువుతారని.

పైపులు_పానాలు, 9:32

నిజాంపేట అంటే బోరు నీళ్లే ఎక్కువ కదా, జెట్ల మూతికి తెల్లటి ఉప్పు పట్టి ఉంటుంది. దానికి వెనిగర్ చాలు. జెట్ మూతులు చేత్తో తిప్పితే ఊడి వస్తాయి. గిన్నెలో వెనిగర్ పోసి రాత్రంతా నానబెట్టి పాత టూత్ బ్రష్‌తో తోమండి. వెనిగర్ కూడా యాసిడే, బ్లీచ్‌తో కలవకూడదు. బ్లీచ్ పని ఒక రోజు, వెనిగర్ పని ఇంకో రోజు, మధ్యలో మంచి నీళ్లతో తిప్పి వదలాలి.

కరెంటు మాస్టారు (రాజమహేంద్రవరం), 10:15

అమ్మా, నేను విద్యుత్ శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ని. మురికి సంగతి వాళ్లు చెప్పారు. నాకు అంతకన్నా ఎక్కువ టెన్షన్ పెట్టిన మాట ఇంకోటి ఉంది. "మోటారు కాసేపు గుర్రుమంది" అన్నారు. మూడేళ్లు చెమ్మలో ఉన్న మోటారు అది. లోపలి తీగ చుట్టకు తేమ పట్టి ఉండొచ్చు, సీలు పోయి నీరు దిగి ఉండొచ్చు. మనిషి నీళ్లలో ఉన్నప్పుడు అది లీకైతే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

ముందు ఇంటి బోర్డు తెరిచి చూడండి. ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే కట్ చేసే స్విచ్) ఉందా? దాని మీద "టి" అక్షరంతో చిన్న బటన్ ఉంటుంది. చాలామంది ఎంసీబీని (లోడు ఎక్కువైతే పడిపోయే స్విచ్) చూసి ఇది ఉంది కదా అని ధైర్యంగా ఉంటారు. ఎంసీబీ కాపాడేది వైర్లను. 16 ఆంపుల ఎంసీబీ, 16 ఆంపులు దాటితేనే కదులుతుంది. మనిషి గుండె ఆగడానికి ఒక ఆంపులో పదో వంతు చాలు. అది ఎంసీబీ లెక్కలోకే రాదు. ఆర్‌సీసీబీ వెళ్లిన కరెంటూ తిరిగొచ్చిన కరెంటూ సమానమా అని చూస్తూ ఉంటుంది. 30 మిల్లీ ఆంపుల తేడా వచ్చిందంటే రెప్పపాటులో కట్ చేస్తుంది. 100, 300 మిల్లీ ఆంపులవి కూడా అమ్ముతారు, అవి అగ్నిప్రమాదాలు రాకుండా. మనుషుల కోసం 30దే పెట్టించాలి.

టబ్‌కు బోర్డు నుంచి విడిగా లైను ఉండాలి. గీజర్ ప్లగ్గులోంచి లాగకూడదు. ఎర్త్ వైరు మోటారు బాడీకి నిజంగా బిగించి ఉందో లేదో పానెల్ తీసి కళ్లతో చూడాలి. పాత ఫ్లాట్లలో సాకెట్‌కు మూడు రంధ్రాలు ఉంటాయి, మూడోదాని వెనక వైరే ఉండదు. నేను సర్వీసులో ఉండగా ఇలాంటివి లెక్కలేనన్ని చూశాను. మెగ్గర్ అనే మీటరుతో మోటారు ఇన్సులేషన్ పరీక్ష (లోపలి తీగల్లోంచి కరెంటు లీకవుతోందా అని) చేయించండి, పది నిమిషాల పని. అప్పటిదాకా ఆ టబ్‌లో చెయ్యి కూడా పెట్టవద్దు.

టబ్ అంచున ఉండే గుండ్రటి బటన్ గాలితో పనిచేస్తుంది, దాంట్లో కరెంటు ఉండదు, తడిచేత్తో నొక్కొచ్చు. గోడ మీది మామూలు స్విచ్ మాత్రం టబ్‌లోంచి అందే దూరంలో ఉండకూడదు. చార్జింగ్‌లో ఉన్న ఫోనుకు ఆ గదిలోకి ప్రవేశం లేదు.

గోదారి గట్టు, మధ్యాహ్నం 2:05

మాస్టారూ, బోర్డు తెరిచాం. మొత్తం ఎంసీబీలే, ఆర్‌సీసీబీ లేదు. ఇంకో సమస్య: మోటారు దగ్గరికి వెళ్లే దారే లేదు. టబ్ చుట్టూ గోడ కట్టి పైన టైల్స్ వేసేశారు. ఎక్కడా తలుపు లేదు.

పైపులు_పానాలు, 2:30

ఇది ప్రతి మూడో ఇంట్లో చూస్తాను. అందంగా ఉండాలని మేస్త్రీ మూసేస్తాడు. మోటారు వైపు (చెవి పెట్టి వింటే ఏ చివర మోగుతోందో తెలుస్తుంది) రెండు టైల్స్ కోయించి అడుగున్నర చదరం జాలీ తలుపు పెట్టించండి. జాలీయే పెట్టాలి, మోటారుకు గాలి ఆడాలి. బాధపడకండి అక్కా, ఆ రెండు టైల్స్ పోతే పోయాయి.

డాలస్ ఆడపడుచు, రాత్రి 9:20

ఇక్కడ అమెరికాలో 90లలో కట్టిన ఇళ్లలో ఈ టబ్ చాలా మామూలు. మా ఇంట్లోనూ ఉంది, పదకొండేళ్లుగా వాడుతున్నాను. ఎవరూ జుట్టు సంగతి ఎత్తలేదని రాస్తున్నాను.

టబ్ పక్క గోడకు కింద, అరచేయంత జాలీ ఉంటుంది. నీళ్లను మోటారులోకి లాగేది అదే. నాకు నడుము దాకా జుట్టు. మొదటి ఏడాది ఒకరోజు తల వెనక్కి వాల్చి పడుకున్నాను, జడ విప్పి ఉంది. తల ఎత్తబోతే రాలేదు. జుట్టు జాలీలోంచి లోపలికి పోయి మెలితిరిగింది. నీళ్లు గడ్డం దాకా ఉన్నాయి. అదృష్టం కొద్దీ బటన్ చేతికి అందింది. ఆపాక కూడా జుట్టు వదల్లేదు, మా వారు కత్తెరతో కోశారు. తర్వాత చూస్తే జాలీకి ఒక స్క్రూ లేదు, మూల చిట్లి ఉంది.

2002లో అమెరికా మాజీ విదేశాంగ మంత్రి జేమ్స్ బేకర్ మనవరాలు, ఏడేళ్ల పాప, హాట్ టబ్ అడుగున నీళ్లు లాగే రంధ్రానికి అతుక్కుపోయి చనిపోయింది. తల్లి పక్కనే ఉండి లాగినా రాలేదు. ఆ తల్లి పట్టుబట్టి పోరాడితే 2007లో ఆ పాప పేరు మీదే చట్టం వచ్చింది, ఆ రంధ్రాల మూతలు ఎలా ఉండాలో నియమాలు పెట్టారు. మన ఇంటి టబ్‌లో అంత పెద్ద పంపు ఉండదు, నిజమే. కానీ జుట్టుకు చిన్న పంపు కూడా చాలు.

మన ఆడవాళ్ల విషయంలో ఇంకోటి. అమ్మ వాళ్లు లంగా కట్టుకునో, నైటీతోనో దిగుతారు. వదులు బట్ట, బొందు, కొంగు ఏదైనా ఆ జాలీకి చుట్టుకుంటుంది. మోకాళ్ల దాకా బిగుతు పైజమా, టీషర్టు వేయించండి. జుట్టు నెత్తి మీదికి కొప్పు పెట్టించండి. జాలీ పగిలి ఉంటే కొత్తది వచ్చేదాకా టబ్ వాడనే వద్దు.

నలుగుపిండి, నువ్వుల నూనె, పసుపు కూడా వద్దు. మా అత్తగారు భోగి రోజు తలంటుకుని ఆ నూనెతోనే దిగారు. జిడ్డంతా పైపుల్లో చేరి ఆరు నెలలు నల్లటి ముద్దలు వచ్చాయి. టబ్ అడుగు ఎంత జారుడైందంటే నేను పట్టుకుంటే తప్ప లేవలేకపోయారు. తలంటు విడిగా చేసుకుని, ఒళ్లు కడుక్కుని దిగాలి.

ఒక ముచ్చట చెప్పి ముగిస్తాను. జకూజీ అనేది ఇటలీ నుంచి కాలిఫోర్నియాకు వలస వచ్చిన అన్నదమ్ముల ఇంటిపేరు. బావుల్లోంచి నీళ్లు తోడే జెట్ పంపులు చేసేవారు. వాళ్లలో కాండిడో అనే ఆయన కొడుక్కి పసితనంలోనే కీళ్లవాతం వచ్చింది. ఆసుపత్రిలో చేసే నీటి వైద్యం ఇంట్లోనే జరగాలని 1948లో తొట్టిలో పెట్టే పంపు తయారుచేశాడు. జెట్లు టబ్‌లోనే బిగించినది 1968లో వచ్చింది. మీరు మీ అమ్మ మోకాళ్ల కోసం అడుగుతున్నారు కదా, ఇది పుట్టిందే అలాంటి నొప్పి కోసం.

స్లాబ్ లెక్కలు (విశాఖపట్నం), ఆదివారం ఉదయం 6:50

సివిల్ ఇంజనీర్‌ని. మీ టబ్‌లో 250 లీటర్లు పడతాయనుకుంటే 250 కిలోలు, టబ్, మోటారు కలిపి 50, మనిషి 70. మొత్తం 370 కిలోలు, 1.3 చదరపు మీటర్ల మీద. మన దేశంలో ఇళ్ల బాత్రూం స్లాబుకు చదరపు మీటరుకు సుమారు 200 కిలోల బరువు లెక్కేసి డిజైన్ చేస్తారు. ఇది దాదాపు 285 అవుతుంది. అలాగని స్లాబ్ కూలిపోతుందని కాదు. బరువు చుట్టూ ఖాళీ ఉన్న భాగానికీ పంచుకుంటుంది, గోడ పక్కన బీమ్ మీద ఉంటే ఇంకా మేలు. కానీ తర్వాత పెట్టించిన టబ్ అయితే, కింద పల్లపు స్లాబ్‌లో (బాత్రూం కోసం కిందికి దించి వేసిన స్లాబ్) ఇటుక ముక్కలు ఎంత నింపారో తెలియాలి. బిల్డర్ పెట్టిందో, పాత ఓనర్ పెట్టించిందో కనుక్కోండి. రెండో అంతస్తు వాళ్ల బాత్రూం పైకప్పు చూడండి. తడి మచ్చ, రాలిన ప్లాస్టరింగ్, తుప్పు గీత ఉంటే ఇంజనీర్‌ని పిలవాల్సిందే.

ఊరి చెరువు (ఖమ్మం), 7:35

అందరూ భయపెడుతున్నారు. మా నాన్నగారు 80 ఏళ్లదాకా పొగలు కక్కే నీళ్లే పోసుకున్నారు. కాళ్ల నొప్పులకు గంట సేపు వేడి నీళ్లలో కాళ్లు పెట్టుకునేవారు. ఏమీ కాలేదు. నొప్పి తగ్గాలంటే వేడి ఉండాలి.

వార్డు సిస్టర్, 8:15

బాబాయ్ గారూ, బకెట్లో కాళ్లు పెట్టుకోవడం వేరు, ఒళ్లంతా మునగడం వేరు. కాళ్లు మాత్రమే వేడెక్కితే మిగతా ఒళ్లు చెమట పట్టి చల్లబరుస్తుంది. మెడదాకా మునిగితే చెమట ఆరే చోటే లేదు. ఒంట్లో వేడి పెరుగుతుంది, రక్తనాళాలు వెడల్పవుతాయి, బీపీ పడిపోతుంది. బీపీ మాత్ర వేసుకున్నవాళ్లకు ఇంకా పడుతుంది. కూర్చున్నంతసేపు హాయిగానే ఉంటారు. లేచి నిలబడగానే కళ్లు బైర్లు కమ్ముతాయి, టబ్ అంచుకు తల తగులుతుంది.

ఎవరికైనా 40 డిగ్రీలు దాటకూడదు. మీ అమ్మగారికి 36, 37 చాలండి. 10 నిమిషాలతో మొదలుపెట్టి, 15 దాటనివ్వకండి. షుగర్ ఉన్నవాళ్లకు పాదాల్లో స్పర్శ తగ్గి ఉంటుంది, చర్మం కాలుతున్నా తెలియదు. ఆవిడ "బాగానే ఉంది" అన్నా నమ్మకండి. నీళ్ల థర్మామీటర్ కొనండి, మీ మోచెయ్యి కూడా ముంచి చూడండి. ఇన్సులిన్ తీసుకుంటారా? వేసుకున్న వెంటనే వేడి నీళ్లలో దిగితే మందు త్వరగా రక్తంలోకి వెళ్లి షుగర్ పడిపోతుంది. పాదాల మీద పుండు, పగులు ఉంటే అసలు వద్దు. ఇవన్నీ ఒకసారి ఆవిడ డాక్టరు గారితో చెప్పి, సరేనన్నాకే మొదలుపెట్టండి.

నా అనుభవంలో మోకాళ్లు అరిగినవాళ్లకు కష్టమంతా టబ్ గోడ దాటడంలోనే. బాత్రూం గోడలోకి డ్రిల్ చేసి స్టీలు పట్టుకమ్మీ వేయించండి. టవల్ రాడ్ పట్టుకోవద్దని చెప్పండి, అది బరువుకు ఊడుతుంది. టబ్ అంచు పక్కన అదే ఎత్తు స్టూలు వేసి, కూర్చుని ఒక్కో కాలు లోపలికి తిప్పాలి. బయటికి వచ్చేటప్పుడు ముందు జెట్లు ఆపి, నీళ్లు సగం వదిలి, రెండు నిమిషాలు కూర్చుని, అప్పుడు లేవాలి. తలుపు గడియ వేయకూడదు, మీరు పిలుపు దూరంలో ఉండాలి.

ఇది చదివే వాళ్లలో గర్భిణులు ఉంటే: మొదటి మూడు నెలల్లో ఒంటి వేడి 39 డిగ్రీలు దాటితే బిడ్డ వెన్ను, మెదడు ఏర్పడటంలో లోపాల ప్రమాదం పెరుగుతుంది. ఆ నెలల్లో ఈ టబ్ జోలికి పోవద్దు. ఐదేళ్లలోపు పిల్లల్ని కూడా వేడి టబ్‌లో దింపకండి. మద్యం తాగి దిగడం ఎవరికీ మంచిది కాదు.

ఊరి చెరువు, 8:40

సిస్టరమ్మా, చెమట సంగతి నాకు తట్టలేదు. బాగా చెప్పావు తల్లీ.

గోదారి గట్టు, 11:10

ఇన్సులిన్ లేదు సిస్టర్, మాత్రలే. మా గీజర్ 25 లీటర్లది. టబ్‌కు చాలదు. బాత్రూంలోనే గ్యాస్ గీజర్ పెట్టిస్తే నీళ్లు ఆగకుండా వస్తాయని షాపతను అంటున్నాడు. పెట్టించనా?

కరెంటు మాస్టారు, 11:25

బాత్రూం లోపల గ్యాస్ గీజర్ వద్దమ్మా, ఎంత తక్కువ ధరకు ఇచ్చినా వద్దు. మూసిన గదిలో గ్యాస్ మండితే ఆక్సిజన్ తరిగి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు, వాసన ఉండవు. స్నానానికి వెళ్లినవాళ్లు నిద్రపోయినట్టు కూలిపోతారు. తలుపు పగలగొట్టి చూసేదాకా ఇంట్లో ఎవరికీ తెలియదు. టబ్ నిండాలంటే ఆ మంట ఎంతసేపు వెలగాలో ఆలోచించండి. పెట్టాలంటే బాల్కనీలో, ఆరుబయట గాలిలో పెట్టాలి.

కరెంటు గీజర్‌తో లెక్క చెబుతాను. 25 డిగ్రీల నీళ్లను 37కు తేవాలంటే, 60 డిగ్రీల వేడి నీళ్లు మూడో వంతు కలపాలి. అమ్మగారు లోపల కూర్చుంటారు కాబట్టి 200 లీటర్లు నింపితే సరిపోతుంది, అందులో సుమారు 70 వేడివి. మీ 25 లీటర్ల గీజర్ మూడుసార్లు కాగాలి. మూడు కిలోవాట్లదైతే ఒక్కోసారికి 20 నిమిషాలు. గంటలో అయిపోతుంది, మూడు యూనిట్ల కరెంటు. ముందు వేడి నీళ్లు నింపి, చివర్లో చన్నీళ్లు కలిపి, థర్మామీటర్ చూశాకే మనిషిని దింపండి.

గోదారి గట్టు, నాలుగు వారాల తర్వాత, సాయంత్రం 6:30

ఆలస్యమైంది, క్షమించండి. ఏం చేశామో రాస్తాను.

టైల్స్ కోయించి చూస్తే ఎర్త్ వైరు మోటారు దాకా వచ్చి, బిగించకుండా చుట్ట చుట్టి పక్కన పడేసి ఉంది. మాస్టారూ, అది చూసినప్పుడు ఆ రాత్రి నేను నీళ్లలో చెయ్యి పెట్టి ఆ నల్లపొరలు పట్టుకోవడం గుర్తొచ్చి కాళ్లు వణికాయి. మెగ్గర్ పరీక్షలో మోటారు ఫెయిలైంది. కొత్తది వేయించాం. విడిగా లైను, 30 మిల్లీ ఆంపుల ఆర్‌సీసీబీ పెట్టించాం. ప్రతి నెల ఒకటో తారీఖు "టి" బటన్ నొక్కి చూడాలని పెట్టుకున్నాను.

టబ్ బిల్డర్ పెట్టిందే, బీమ్ పక్కనే ఉంది. కింది వాళ్ల పైకప్పులో మచ్చలేమీ లేవు. పైపులు ఐదుసార్లు కడిగితే నల్లపొరలు ఆగాయి. ఐదోసారి నీళ్లు తెల్లటి గిన్నెలో పట్టి కిటికీ దగ్గర పెట్టి చూశాను, ఒక్క నలుసు లేదు. నీళ్లు లాగే జాలీ కూడా కొత్తది వేయించాం.

డాక్టరు గారు సరేనన్నారు. పైజమా వేసుకోమంటే అమ్మ మొదట ఒప్పుకోలేదు. డాలస్ అక్క జుట్టు సంగతి చదివి వినిపించాక, మాట్లాడకుండా తనే కొప్పు బిగించుకుంది. 37 డిగ్రీలు, 12 నిమిషాలు. నేను స్టూలు మీద కూర్చునే ఉన్నాను. జెట్లు మోకాళ్లకు తగలగానే ఒక్కసారి ఉలిక్కిపడి, తర్వాత కళ్లు మూసుకుంది. "గోష్పాదం రేవులో కింది మెట్టు మీద కూర్చుంటే నీళ్లు కాళ్లకి ఇలాగే కొట్టేవే" అంది. వారానికి మూడు రోజులు చేస్తున్నాం. అరుగుదల తగ్గదని తెలుసు. కానీ టబ్ రోజున రాత్రి నొప్పి బిళ్ల అడగట్లేదు.

ఒక్క సందేహం, పైపులు తమ్ముడూ. స్నానం అయ్యాక టబ్ కింది రంధ్రం బిరడా తీసే ఉంచాలా, మూయాలా?

పైపులు_పానాలు, 6:48

తీసే ఉంచండి అక్కా. నీళ్లు పూర్తిగా పోయాక గుడ్డతో తుడిచి, గాలి బిరడాలు కూడా తెరిచి వదలండి. అమ్మగారు ఊరెళ్లినా నెలకొకసారి బ్లీచ్ కడుగుడు ఆపకండి. వాడని టబ్‌లోనే ఆ పొర త్వరగా కడుతుంది.